ఎక్స్‌పీ కంప్యూటర్‌లో అపాచీ నడిపించాను

హనుమకొండలో మా వాడకట్టు బడి ల్యాబ్‌లో ఇంకా విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లే ఉన్నాయి. పిల్లలు రాసిన వెబ్ పేజీలు పక్క సిస్టమ్‌లో తెరిచి చూసుకోవాలంటే సర్వర్ కావాలి. అపాచీ అనే వెబ్ సర్వర్, పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాష కలిపి ఇచ్చే కొత్త జాంప్ (XAMPP) ఇన్‌స్టాలర్ నొక్కితే ‘వ్యాలిడ్ విన్32 అప్లికేషన్ కాదు’ అని వచ్చింది. చూడగానే ఫైలే పాడైందనిపిస్తుంది, కానీ అది కాదు. ప్రోగ్రాములు తయారుచేసే మైక్రోసాఫ్ట్ టూల్, కొత్త విజువల్ సీ++‌తో తయారైన ప్రోగ్రాములు చాలావరకు ఎక్స్‌పీలో తెరుచుకోవు. పీహెచ్‌పీ కూడా 5.5 నుంచి ఎక్స్‌పీని వదిలేసింది. అందుకే 5.4 ఉన్న పాత జాంప్ 1.8.2 వేశాను.

అది ఎక్కింది, అపాచీ మాత్రం స్టార్ట్ కాలేదు. అసలు టెన్షన్ ఇక్కడే. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్‌స్టాట్ -ఏఎన్‌ఓ’ కొట్టి, వెబ్ సర్వర్లు వాడే పోర్ట్ 80 (కనెక్షన్ ద్వారం) ఎదురుగా ఉన్న పీఐడీని (ప్రోగ్రామ్ నంబర్) టాస్క్ మేనేజర్‌లో వెతికితే ‘ఐనెట్‌ఇన్ఫో’ దొరికింది. అంటే ఐఐఎస్, మైక్రోసాఫ్ట్ వాళ్ల వెబ్ సర్వర్. పోర్ట్ 80ని అది పట్టుకుని ఉండడం వల్లే అపాచీ స్టార్ట్ కాలేదు. ఎప్పుడో ఎవరో వేసి వదిలేశారు. సర్వీసెస్‌లో ‘వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్’ ఆపి, డిసేబుల్ చేశాను. వెంటనే అపాచీ పచ్చగా వెలిగింది.

ఫైర్‌వాల్‌లో పోర్ట్ 80 తెరిచాక పక్క సిస్టమ్‌లోనూ పేజీ వచ్చింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఆ ల్యాబ్‌కు ఇంటర్నెట్ కేబుల్ మాత్రం పెట్టనివ్వలేదు.