హెపటైటిస్ సి ఆసుపత్రిలోనే అంటిందా? తేదీ పట్టుకుని మూలం దాకా వెళ్లడం ఎలా

జిల్లా సర్వైలెన్స్ యూనిట్లో ఉన్నవాళ్లకి, ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే నర్సులకి, కమ్యూనిటీ మెడిసిన్ పీజీలకి పనికొస్తుందని రాస్తున్నా. వైద్యం చేయించుకున్న చోటే హెపటైటిస్ సి (రక్తం ద్వారా అంటే లివర్ వైరస్) అంటిందన్న అనుమానం వచ్చిన కేసు రాగానే అందరూ అడిగేది "ఎవరి తప్పు?" అని. ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. ఏ రోజు, ఎవరి తర్వాత ఎవరికి సూది పడింది అన్నది తేలితే మిగతాది చాలావరకు దాని వెనకే వస్తుంది.

అమెరికాలోని లాస్ వేగాస్ కేసు చూడండి. 2008 జనవరి 2న ఆ ఊరున్న నెవాడా రాష్ట్ర ఆరోగ్య శాఖ నుంచి సీడీసీకి (అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ) కబురు వెళ్లింది, కొత్తగా హెపటైటిస్ సి వచ్చినవాళ్లు ఇద్దరు ఉన్నారని. మర్నాడు మూడో మనిషి. ముగ్గురూ జబ్బు బయటపడడానికి 35 నుంచి 90 రోజుల ముందు ఒకే ఎండోస్కోపీ క్లినిక్‌కి వెళ్లొచ్చారు. ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) మామూలుగా ఏడాది మొత్తానికి ఇలాంటి కొత్త కేసులు నాలుగు దాకా వస్తాయి. మూడు కేసులే కదా అని వదిలేసి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. మన దగ్గరా అంతే, ఒకే చోట వైద్యం చేయించుకున్న ఇద్దరికి ఆరు నెలల లోపు కొత్తగా వస్తే ఫైలు తెరవండి. డయాలసిస్ యూనిట్ అయితే ఇద్దరి దాకా కూడా ఆగొద్దు. చేరినప్పుడు నెగటివ్ ఉన్న పేషెంట్ ఒక్కరు పాజిటివ్ అయినా చాలు.

ముందు తేల్చుకోవాల్సింది ఇది కొత్తదా, పాతదా అని. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. యాంటీబాడీ టెస్ట్ పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం, అది నిరుడో ఇరవై ఏళ్ల కిందో ఆ టెస్ట్ చెప్పదు, మందులతో నయమైనా యాంటీబాడీ ఏళ్లతరబడి ఉండిపోతుంది. అంచేత పాత నెగటివ్ రిపోర్టు ఒకటి వెతకండి. రక్తదానం చేశారా, ఇదివరకు ఏదైనా ఆపరేషన్‌కి ముందు వైరల్ మార్కర్స్ (హెపటైటిస్ లాంటి వైరస్‌ల కోసం చేసే రక్త పరీక్షలు) చేయించారా అని అడగండి. జగిత్యాల వైపో కడప వైపో అయితే గల్ఫ్ మెడికల్ కాగితాలు తప్పకుండా అడగండి, అందులో హెపటైటిస్ సి కూడా చూస్తారు కాబట్టి తేదీతో సహా దొరుకుతుంది. లివర్ ఎంజైములు ఉన్నట్టుండి పెరిగాయా అన్నదీ చూడండి. డయాలసిస్ పేషెంట్లలో యాంటీబాడీ ఒక్కోసారి రాకపోవచ్చు, వాళ్లకి నేరుగా ఆర్‌ఎన్‌ఏ టెస్టే (రక్తంలో వైరస్‌నే వెతికేది) పంపండి.

తర్వాత ఇంటర్వ్యూ. వైరస్ ఒంట్లోకి వెళ్లాక జబ్బు బయటపడడానికి రెండు వారాల నుంచి ఆరు నెలల దాకా పట్టొచ్చు, కాబట్టి వెనక్కి ఆరు నెలలు తవ్వాలి. "ఏమైనా వైద్యం చేయించుకున్నారా?" అని అడిగితే "లేదండీ" అంటారు, అబద్ధం చెప్పడం కాదది, నీరసంగా ఉంటే ఆర్‌ఎంపీ దగ్గర పెట్టించుకున్న సెలైన్‌ని, జ్వరానికి వేసిన సూదిని జనం వైద్యం లెక్కలో వేసుకోరు. అడగాల్సింది "మీ ఒంట్లో ఎవరైనా, ఎక్కడైనా సూది పెట్టారా?" అని. పన్ను పీకించుకోవడం, పచ్చబొట్టు, స్కానింగ్ ముందు ఎక్కించే మందు, అన్నీ విడివిడిగా అడగండి. తేదీలు గుర్తుండవు, మందుల షాపు బిల్లులు, ఫోన్‌లో ఫోన్‌పే చెల్లింపులు తీసి చూస్తే గుర్తొస్తాయి. డ్రగ్స్ గురించి, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అన్నదాని గురించీ అడగాలి, కానీ బంధువులు బయటికి వెళ్లాక.

అందరి సమాధానాల్లోనూ ఒకే చోటు వస్తే ఇక అసలు పని రిజిస్టర్లో. అనుమానం ఉన్న రోజున అక్కడ సూది పడిన ప్రతి ఒక్కరినీ వరసలో రాయండి, జబ్బు వచ్చినవాళ్లని మాత్రమే కాదు. టైము, గది, మందు, ఎవరు ఎక్కించారు, ఎవరికి ముందే హెపటైటిస్ సి ఉంది, ఇవన్నీ ఉండాలి. ఓటీ రిజిస్టర్లో టైము, మత్తు డాక్టరు కాగితం మీద టైము, మిషన్‌లో పడిన టైము మూడు రకాలుగా ఉంటాయి, నేనైతే మిషన్‌నే నమ్ముతాను, దాని గడియారం సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాకే అనుకోండి. లాస్ వేగాస్‌లో మొదట దొరికిన ఆరుగురిలో ఐదుగురు 2007 సెప్టెంబర్ 21న వెళ్లినవాళ్లు, ఒకరు జూలై 25న. ఐదుగురు ఒకే తేదీ మీద పడ్డాక ఏడాది రికార్డులన్నీ ఒకేసారి తిరగేయక్కర్లేదు, ఆ రెండు రోజులని నమిలి మింగాలి. డయాలసిస్‌లో అయితే షిఫ్టు వారీగా, బెడ్డు వారీగా రాయండి. మిషన్ మీదే చూపు పెట్టకుండా హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వయల్, అంటే సీసా, ఒక్కోటి ఎంతమందికి వాడారు, మందుల ట్రాలీ బెడ్డు నుంచి బెడ్డుకి తిరుగుతోందా అన్నవి చూడండి.

ఎండోస్కోపీ క్లినిక్ అనగానే గొట్టం సరిగ్గా కడగలేదేమో అనిపిస్తుంది కదా. లాస్ వేగాస్‌లో దోషం గొట్టంలో కాదు, మత్తు మందులో తేలింది, అదీ అధికారులు పక్కన నిలబడి చూస్తేనే. కొత్త సూది, కొత్త సిరంజితో ప్రొపోఫాల్ అనే మత్తు మందు తీసి ఎక్కించేవాళ్లు. పేషెంట్‌కి ఇంకాస్త మత్తు కావాలంటే సూది మార్చి, అదే సిరంజితో అదే వయల్లోంచి మళ్లీ తీసేవాళ్లు. సిరంజిలోకి వెనక్కి వచ్చిన రక్తం కంటికి కనపడనంత ఉన్నా వయల్ పాడవుతుంది, మిగిలిన మందు తర్వాతి పేషెంట్‌కి. సూది మార్చాం కాబట్టి శుభ్రంగానే చేశాం అని అనుకున్నవాళ్లు ఎంతమందో! అందుకే "సిరంజి మళ్లీ వాడతారా?" అని స్టాఫ్‌ని అడిగి, "లేదు సార్" అన్న జవాబు రాసుకుని వచ్చేయొద్దు. ఒక పూటంతా నిలబడి చేతులు చూడండి. తర్వాత స్టోర్‌కి వెళ్లి ఆ నెల ఎన్ని ప్రొసీజర్లు, ఎన్ని సిరంజిలు, ఎన్ని వయల్స్ కొన్నారో లెక్క వేయండి. కొన్నవి అక్కర్లో సగం లేకపోతే, నోటితో ఎవరూ ఒప్పుకోకపోయినా కాగితం ఒప్పుకుంటుంది.

లెక్క సరిపోయి, పద్ధతి కూడా బాగానే ఉంటే మత్తు మందుల దొంగతనం గురించి ఆలోచించాలి. అమెరికాలో న్యూహ్యాంప్‌షైర్‌లోని ఎక్సెటర్ హాస్పిటల్‌లో 2012లో బయటపడింది ఇదే: గుండె పరీక్షల ల్యాబ్ టెక్నీషియన్ ఒకడు పేషెంట్లకి ఇవ్వాల్సిన ఫెంటానిల్ (మత్తెక్కించే బలమైన నొప్పి మందు) తాను ఎక్కించుకుని, వాడేసిన సిరంజిలు మళ్లీ పెట్టేసేవాడు, వాడికి హెపటైటిస్ సి ఉంది. 2013లో 39 ఏళ్ల శిక్ష పడింది. కాబట్టి నార్కోటిక్ రిజిస్టర్ (ఇలాంటి మందుల లెక్క రాసే పుస్తకం) చూడండి, స్టాఫ్‌కీ పరీక్షలు చేయండి. పేర్లు మాత్రం బయటికి పొక్కనివ్వొద్దు, పాజిటివ్ వచ్చిన నర్సు దోషి కాకపోవచ్చు, బాధితురాలే కావచ్చు.

ఇక జన్యు పరీక్ష. జీనోటైప్ (వైరస్ రకం) ఒకటే వచ్చింది కాబట్టి మూలం దొరికేసింది అని సంబరపడొద్దు. అమెరికాలో నెబ్రాస్కాలోని ఫ్రీమాంట్ అనే ఊళ్లో ఒక క్యాన్సర్ క్లినిక్ పేషెంట్లు 99 మందికి హెపటైటిస్ సి వచ్చిందని 2002లో మొదలైన దర్యాప్తులో తేలింది, రక్తం తీసిన సిరంజిని అందరికీ వాడే సెలైన్ బ్యాగులో మళ్లీ ముంచడం వల్ల. అక్కడ 3ఏ రకం దొరకడం పెద్ద ఆధారమే, అమెరికాలో ఆ రకం తక్కువ కాబట్టి. మన దేశంలో 3 రకమే ఎక్కువ, ఇద్దరికీ అదే వచ్చిందంటే దాదాపు ఏమీ చెప్పనట్టే. వైరస్‌లో బాగా వేగంగా మారే భాగాన్ని సీక్వెన్స్ చేయించాలి (జన్యు అక్షరాల వరస చదివించాలి), క్లినిక్‌తో సంబంధంలేని అదే ఊరివాళ్ల శాంపిల్స్ కూడా పక్కన పెట్టి పోల్చాలి. స్పెయిన్‌లోని వాలెన్సియాలో పేషెంట్లకి హెపటైటిస్ సి అంటించిన ఒక మత్తు డాక్టరు కేసులో 322 మంది వైరస్‌లని ఇలాగే పోల్చి, 47 మందికి వేరే దారిలో వచ్చిందని పక్కకి తీశారు. 275 మంది విషయంలో కోర్టు 2007లో అతనికి 1,933 ఏళ్ల శిక్ష వేసింది.

ఒక్క జాగ్రత్త. ఇప్పటి మందులు చాలామందిలో 12 వారాల్లో వైరస్‌ని తుడిచిపెట్టేస్తాయి. పేషెంట్‌కి అది వరం, మనకి సాక్ష్యం పోతుంది. మొదటి మాత్ర వేసుకునే లోపే రక్తం తీసి, సీరం వేరుచేసి మైనస్ 70 డిగ్రీల్లో పెట్టించండి. మందు ఆపి కూర్చోమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. యాంటీబాడీ ఉండి ఆర్‌ఎన్‌ఏ లేనివాళ్లని కూడా జాబితా నుంచి కొట్టేయొద్దు, మందులు లేకుండానే వైరస్ తగ్గిపోయేవాళ్లు గణనీయంగానే ఉంటారు. వాళ్ల వైరస్ సీక్వెన్స్ దొరకదు, అంతే. లాస్ వేగాస్‌లో చివరికి ఖాయంగా తేల్చినవి 9 కేసులు, అయ్యుండవచ్చు అన్నవి 106. అంత తేడా రావడం దర్యాప్తు లోపం కాదు.

రిపోర్టు వచ్చేదాకా తప్పుడు పద్ధతిని కొనసాగనివ్వకండి, చూసిన రోజే ఆపించండి. ఆ తర్వాత పాత పేషెంట్లకి చెప్పాలి. నెవాడాలో 2004 మార్చి నుంచి 2008 జనవరి 11 దాకా ఆ క్లినిక్‌లో మత్తు ఇంజెక్షన్ తీసుకున్న సుమారు 40,000 మందికి ఉత్తరాలు పంపారు. ఉత్తరంలో ఏ తేదీల మధ్య వెళ్లినవాళ్లు, ఏ పరీక్షలు (హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ కూడా), ఎక్కడ ఉచితం, ఏ నంబరుకి ఫోన్ చేయాలి, ఇవి సూటిగా ఉంటే చాలు. మన దగ్గర 2018 జూలై 28 నుంచి జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు రెండూ ఉచితం. అనుమానం ఉన్న ఆసుపత్రికి వెళ్లి ఇంకా ఆరు నెలలు కానివాళ్లకి నెగటివ్ వచ్చినా మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ వేసి ఇవ్వండి, "కొన్నాళ్లయ్యాక రండి" అంటే సగం మంది రారు.