ఇనుప పట్టీలన్నిటికీ ఒకే తీరున రంధ్రాలు: ఇంట్లో డ్రిల్ జిగ్ ఎలా చేసుకోవాలి, ఎలా వాడాలి?

మేడమీద సోలార్ ప్యానెళ్ళ స్టాండుకు ఒకే కొలతలో ఇరవై ఇనుప పట్టీలు కావలసి వచ్చినప్పుడు, ఒక్కొక్కదాని మీద గీత గీసి, సెంటర్ పంచ్ (బిట్టు నిలిచే చిన్న గుంట పెట్టే మొన ఉలి) కొట్టి రంధ్రాలు వేస్తూ పోతే కొన్నింటికి బోల్టులు ఎక్కవు. రెండు మూడు పట్టీలకైతే ఆ పద్ధతే చాలు. పది దాటితే జిగ్ చేసుకోవడమే లాభం. వస్తువును పట్టుకునే సాధనాల్లో ఫిక్స్చర్ దాన్ని కదలకుండా పట్టుకుంటుంది, జిగ్ అయితే డ్రిల్ బిట్టుకు దారి కూడా చూపిస్తుంది.

120 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న మైల్డ్ స్టీల్ పట్టీకి, ఎం6 (6 మి.మీ. వ్యాసం) బోల్టుల కోసం మధ్య బిందువుల మధ్య 80 మి.మీ. ఎడంలో రెండు 6.6 మి.మీ. రంధ్రాలు కావాలనుకుందాం. 12 మి.మీ. మందం ప్లేటు, మూడు డోవెల్ పిన్నులు (నున్నటి గుండ్రటి స్టీలు పుల్లలు), బిట్టుకు దారి చూపే గొట్టాల్లాంటి రెండు గట్టి స్టీలు బుష్‌లు సమకూర్చుకోవాలి. ముందుగా సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో అడిగి చూడవచ్చు. బుష్‌లు దిగే రంధ్రాలను మాత్రం హైదరాబాద్ బాలానగర్‌లో ఏదైనా జాబ్ వర్క్ (కూలికి పని చేసిచ్చే) షెడ్డులో వేయించుకోవడమే మేలు, ఎందుకంటే అక్కడ వచ్చిన తేడా ప్రతి పట్టీలోనూ అచ్చుగుద్దినట్టు దిగుతుంది. కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి ఉన్నది కూడా ఆ బాలానగర్‌లోనే.

పిన్నుల అమరికే జిగ్‌కు ప్రాణం. పట్టీ పొడవాటి అంచుకు రెండు, చివరి అంచుకు ఒకటి ఆనేలా వాటిని ప్లేటు అడుగున దించాలి. ప్లేటుకూ పట్టీకీ మధ్య రజను బయటపడేందుకు 3 మి.మీ. మందం ప్యాకింగ్ ముక్కలు పెట్టి, పిన్నులు 7 మి.మీ. మాత్రమే పొడుచుకువచ్చేలా చూస్తే, అవి పట్టీ అంచును తాకుతాయి గానీ కింది బల్లకు తగలవు. ఒక పిన్ను దగ్గర చిన్న రజను ముక్క ఇరుక్కున్నా పట్టీ వంకరగా కూర్చుంటుంది కాబట్టి, పట్టీ అంచులోని బర్‌ను (కోతకు లేచిన గరుకు మొనలను) ఆకురాయితో తీసి, పిన్నులను ప్రతిసారీ బ్రష్‌తో తుడవాలి.

పట్టీని మూడు పిన్నులకూ ఆనించి, కింద చెక్కముక్క పెట్టి, ప్యాకింగ్ ముక్కల మీదుగా క్లాంపులు బిగించాలి. సాధారణ హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టుతో నిమిషానికి సుమారు 1200 చుట్ల వేగం సరిపోతుంది. కటింగ్ ఆయిల్ వేస్తూ, మధ్యమధ్య బిట్టును పైకి లేపుతూ వేయాలి. మొదటి రంధ్రం పడగానే బుష్ గుండా దానిలోకి సరిపోయే పిన్ను దించితే, రెండోది వేసేటప్పుడు పట్టీ జరగదు. మొదటి పట్టీలో రంధ్రాల లోపలి అంచుల మధ్య దూరం వెర్నియర్ (కొలిచే కాలిపర్)లో 73.4 మి.మీ. వస్తే ఎడం సరిగ్గా ఉన్నట్టే. కళ్ళద్దాలు తప్పనిసరి, తిరిగే బిట్టు దగ్గర చేతి తొడుగులు మాత్రం వేసుకోరాదు.

పొడవాటి గాడి కావాలంటే చాలామంది ఈ డ్రిల్ మెషీన్‌కే ఎండ్ మిల్లు (పక్కలతోనూ కోసే బిట్టు) బిగిస్తారు. అది ప్రమాదం: పక్కనుంచి పడే ఒత్తిడికి, బిట్టును పట్టుకునే చక్ తాను బిగిసి ఉన్న టేపర్ (కోసుగా సన్నబడిన భాగం) నుంచి జారి ఊడిపోవచ్చు. చిన్న మిల్లింగ్ మెషీన్ అందుబాటులో ఉంటే పట్టీని దాని వైస్‌లో ఒక స్టాపుకు ఆనించి, కొద్దికొద్ది లోతున కోయాలి. లేకపోతే జిగ్‌తో గాడి రెండు చివర్లా రంధ్రాలు వేసి, మధ్యభాగాన్ని రంపంతో తీసి, ఆకురాయితో సరిచేయాలి.