మీ కొట్టు సైటు మీ చేతుల్లో – 4వ పాఠం: సర్టిఫికెట్ పెట్టడం, నిలబెట్టుకోవడం

క్రితం పాఠంలో డొమైన్ పేరును హోస్టింగ్ సర్వర్‌కి కలిపాం. ఇప్పుడు మీ ఫోన్‌లో మీ సైటు తెరవండి. పేజీ వస్తుంది, ఫొటోలు వస్తాయి. కానీ అడ్రసు పట్టీలో పేరు పక్కన ‘నాట్ సెక్యూర్’ అని ఉంటే ఈ పాఠం మీకోసమే. హెచ్‌టీటీపీతో, అంటే సమాచారాన్ని దాచకుండా పంపే పద్ధతితో, నడిచే ప్రతి సైటుకీ క్రోమ్ 2018 జులై నుంచి ఈ ముద్ర వేస్తోంది. ఈ ముద్ర పోవాలంటే సైటుకి సర్టిఫికెట్ కావాలి. కొన్ని హోస్టింగ్‌లు దాన్ని వాటంతట అవే పెట్టేస్తాయి. మీది అలాంటిదైనా పాఠం చివరిదాకా చదవండి, ఎందుకంటే సర్టిఫికెట్ రావడం తేలిక, అది నిలవడం దగ్గరే చిన్న కొట్లవాళ్లు చిక్కుల్లో పడుతున్నారు.

“మా సైట్లో కార్డు నంబర్లు తీసుకోం కదండీ, పేరూ ఫోనూ రాయించుకుంటాం అంతే, మాకెందుకు?” అని చాలామంది అడుగుతారు. మన నమూనా కొట్టునే తీసుకుందాం. కాశీబుగ్గలో జీడిపప్పు అమ్మే దుకాణం. హైదరాబాద్‌లో ఉండే ఒకావిడ రైల్వే స్టేషన్ వైఫై మీద సైటు తెరిచి ఆర్డరు పెట్టింది. సర్టిఫికెట్ లేకపోతే ఆ వైఫైని నడిపేవాడికి గానీ, దాన్ని ఆక్రమించినవాడికి గానీ ఆ ఆర్డరు ఇలా కనబడుతుంది: ఆవిడ పేరు, ఫోన్ నంబరు, డబ్ల్యూ 240 రకం 2 కిలోలు, బద్దలు 1 కిలో, ఫ్లాట్ నంబరుతో సహా ఇంటి చిరునామా. అక్షరం పొల్లుపోకుండా.

చదవడంతో ఆగితే ఒక ఎత్తు. మధ్యలో ఉన్నవాడు పేజీని మార్చగలడు కూడా. మీరు పేజీలో పెట్టిన యూపీఐ క్యూఆర్ కోడ్ తీసేసి తన కోడ్ పెడితే, ఆవిడ ఫోన్‌లో కనబడేది అదే. డబ్బు వాడికి పోతుంది, “సరుకు రాలేదేం?” అన్న ఫోను మాత్రం మీకొస్తుంది. మీ సర్వర్‌లో వెతికినా ఏమీ దొరకదు, ఎందుకంటే అక్కడ మీ పేజీ చెక్కుచెదరకుండానే ఉంటుంది. సర్టిఫికెట్ పెట్టి, ఆవిడ హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని గుప్తంగా పంపే పద్ధతి) చిరునామాలోనే మీ సైటు తెరిస్తే, దారిలో ఉన్నవాడికి ఫలానా సైటు తెరిచిందన్న సంగతి తెలియొచ్చు గానీ, లోపల ఏం రాసిందో తెలియదు. ఒక్క అక్షరం మార్చినా బ్రౌజర్ పట్టేస్తుంది.

సర్టిఫికెట్ అనేది ఒక చిన్న ఫైలు. అందులో మీ డొమైన్ పేరు, మీ సర్వర్ పబ్లిక్ కీ (అందరికీ కనబడే తాళంచెవి లాంటి సంఖ్య), గడువు తేదీ, ఇచ్చిన సంస్థ డిజిటల్ సంతకం ఉంటాయి. ఆ కీకి జత అయిన రహస్యమైన ప్రైవేట్ కీ మీ సర్వర్‌లోనే ఉండాలి. సైటు చేసిపెట్టిన మేనల్లుడు అడిగినా సరే, దాన్ని వాట్సాప్‌లో పంపకండి. అతనికి పని ఉంటే హోస్టింగ్ ప్యానెల్‌లో వేరే లాగిన్ ఇవ్వండి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. సర్టిఫికెట్ మన కాటా మీద తూనికలు కొలతల శాఖ వేసే ముద్ర లాంటిది. కాటా సరైనదని చెబుతుంది గానీ, పప్పు మంచిదని చెప్పదు. గడువు లోపు మళ్లీ వేయించుకోవాలి కూడా. మోసగాళ్ల సైట్లకూ సర్టిఫికెట్లు ఉంటాయి. తాళం బొమ్మ చూసి జనం మోసపోతున్నారనే 2023లో క్రోమ్ దాన్ని తీసేసి మామూలు సెట్టింగుల గుర్తు పెట్టింది. మీ సైట్లో ‘నూటికి నూరు శాతం సురక్షితం’ అని పెద్ద బొమ్మ పెట్టాలనిపిస్తే ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

ఇక పని. సర్టిఫికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ 2015 చివరి నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. సీప్యానెల్ (హోస్టింగ్ సెట్టింగులు మార్చుకునే ప్యానెల్) ఉన్న హోస్టింగ్ అయితే అందులో ‘ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ స్టేటస్’ తెరిచి, మీ పేరునీ, ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరునీ రెండింటినీ టిక్ చేసి, ‘రన్ ఆటోఎస్ఎస్ఎల్’ నొక్కండి. అప్పుడు సాధారణంగా మీ సైటులోని ఒక ప్రత్యేక ఫోల్డర్‌లో చిన్న ఫైలు పడుతుంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ బయటినుంచి 80వ పోర్టు (సర్వర్‌లో హెచ్‌టీటీపీ వాడే ద్వారం) మీద వచ్చి ఆ ఫైలు ఉందో లేదో చూస్తుంది. ఉంటే ఆ పేరు మీ అధీనంలో ఉన్నట్టు లెక్క. కాసేపట్లో పని అయిపోతుంది.

అవకపోతే ముందు డీఎన్ఎస్ (మీ పేరు ఏ సర్వర్‌కి పోవాలో చెప్పే పట్టిక) చూడండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరుకి రికార్డు లేకపోవడం మామూలుగా జరిగేది. దానికన్నా మెలికైనది పాత హోస్టింగ్ నాటి ‘ఏఏఏఏ’ (AAAA) రికార్డు, అంటే సర్వర్ ఐపీవీ6 చిరునామా చెప్పేది. క్రితం పాఠంలో మనం మార్చింది ‘ఏ’ (A) రికార్డు, అంటే ఐపీవీ4 చిరునామా చెప్పేది మాత్రమే. పాత ఐపీవీ6 చిరునామా అలాగే ఉండిపోతే, మీ ఫోన్‌లో సైటు బాగానే తెరుచుకోవచ్చు, తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం పాత సర్వర్ తలుపు తట్టి తిరిగిపోతారు. దాన్ని తీసేసి, కాసేపు ఆగి మళ్లీ నొక్కండి. ఊరికే నొక్కుతూ పోకండి. ఒకే పేరు మీద గంటలో ఐదుసార్లు తనిఖీ తప్పితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కాసేపు ఆపేస్తుంది.

సొంత సర్వర్ తీసుకున్నవాళ్లకి సర్టిఫికెట్ తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ ప్రోగ్రాం ఉంది. దాంట్లో ముందు ‘డ్రై రన్’ (ఉత్తుత్తి పరీక్ష) చేసి, తప్పులన్నీ అక్కడ దిద్దుకున్నాకే అసలుది అడగండి.

సర్టిఫికెట్ వచ్చాక తొందరపడొద్దు, వరస ముఖ్యం. ముందు హెచ్‌టీటీపీఎస్ అని మీరే టైపు చేసి ప్రతి పేజీ తెరిచి చూడండి. పేజీలో పాత హెచ్‌టీటీపీ లింకుతో పిలిచే స్క్రిప్టు (పేజీలో పనులు చేసే చిన్న ప్రోగ్రాం) ఉంటే బ్రౌజర్ దాన్ని ఆపేస్తుంది. ధరలు కూడే బటన్ పనిచేయకపోవడానికి తరచూ ఇదే కారణం. వర్డ్‌ప్రెస్‌తో చేసిన సైటు అయితే జనరల్ సెట్టింగ్స్‌లో సైటు చిరునామాలు రెండూ హెచ్‌టీటీపీఎస్‌గా మార్చండి. ఆ తరవాతే సీప్యానెల్ డొమైన్స్ పేజీలో ‘ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్ రీడైరెక్ట్’ ఆన్ చేయండి. అది చేయకపోతే హెచ్‌టీటీపీతో వచ్చేవాళ్లు పాత దారిలోనే వస్తుంటారు. క్లౌడ్‌ఫ్లేర్ (కొనేవాళ్లకీ మీ సర్వర్‌కీ మధ్య నిలబడే సేవ) వాడుతూ, దాని ఎస్ఎస్ఎల్ సెట్టింగుల్లో ‘ఫ్లెక్సిబుల్’ ఎంచుకుని ఉంటే పేజీ గిరగిరా తిరిగి తెరుచుకోకుండా పోవచ్చు. ‘ఫుల్ స్ట్రిక్ట్’ పెట్టండి. ఈ సైటుని హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవమని బ్రౌజర్‌కి చెప్పే హెచ్ఎస్‌టీఎస్ అన్నది అన్నిటికన్నా చివరిది. నెల రోజులు సాఫీగా నడిచాకే, అదీ తక్కువ కాలానికి పెట్టి చూడండి. అది ఉన్నప్పుడు సర్టిఫికెట్ పోతే కొనేవాళ్లకి మీ సైటు లోపలికి వచ్చే దారే ఉండదు.

గడువు సంగతి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు సర్టిఫికెట్ 90 రోజులు ఉంటుంది. డబ్బు పెట్టి కొన్నా ఏడాది నిశ్చింత అనుకునే రోజులు పోయాయి. బ్రౌజర్ కంపెనీలూ సర్టిఫికెట్ సంస్థలూ కలిసి ఒప్పుకున్న నియమం ప్రకారం గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. ఏటేటా డబ్బు తీసుకుని చేత్తో సర్టిఫికెట్ ఎక్కించే పద్ధతికి ఇక ఒప్పుకోకండి. మీ హోస్టింగ్ దానంతట అది పునరుద్ధరించలేకపోతే హోస్టింగే మార్చడం మేలు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ గడువు దగ్గరపడిందని పంపే ఈమెయిళ్లను 2025 జూన్‌లో ఆపేసింది. కాబట్టి కాపలా మీదే. 90 రోజుల సర్టిఫికెట్‌ని ఆటోమేటిక్ పద్ధతి సాధారణంగా నెల రోజులు మిగిలి ఉండగానే మారుస్తుంది. గడువు 20 రోజుల్లోకి వచ్చినా పాత తేదీయే కనబడుతోందంటే ఎక్కడో తెగింది. సంక్రాంతి ఆర్డర్ల మధ్యలో కాకుండా అప్పుడే చూసుకోండి.

ఇంటిపని: సైటు పేరు ఎడమవైపున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ వివరాలు తెరవండి. ఎవరిచ్చారు, ఏయే పేర్లకి, ఏ తేదీ వరకు, ఈ మూడూ కొట్టు లెక్కల పుస్తకంలో రాయండి. తేదీకి 20 రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టండి. వచ్చే పాఠం బ్యాకప్ మీద. ఈలోగా మీ హోస్టింగ్ ఖాతాలో ఎంత ఖాళీ జాగా మిగిలిందో చూసి ఉంచండి.