సొట్ట తీసి ప్రైమర్ కొట్టాక కనబడే లోపాలు: ఏ పొరలో పుట్టింది, ఎలా సరిచేయాలి

ఇంటి దగ్గర కారు సొట్ట తీసుకునేవాళ్లకు పని చెడిందని తెలిసేది ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, కొట్టాకే. ఆ బూడిద రంగు మీద ముడతలో, సూది రంధ్రాలో, గుండ్రటి గీతో కనబడగానే ఇంకో కోటు కొడితే కప్పుకుపోతుందనిపిస్తుంది. కప్పుకోదు. చాలా లోపాలు కింద రేకులోనో, సొట్ట నింపే పుట్టీలోనో, పాత పెయింటులోనో పుట్టి పైకి వస్తాయి. అందుకే ఇక్కడ రేకు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తున్నాను.

రేకును నొక్కితే టక్‌మని లోపలికి పోతోంది, వదిలితే బయటికి వస్తోంది

హనుమకొండ, కాజీపేట వైపు గోడ మీది నుంచి కోతులు దూకి బానెట్, టాప్ సొట్టపోయిన కార్లు చాలానే ఉంటాయి. ఇలాంటివి వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటాయి. లోపలి నుంచి అరచేత్తో తోస్తే కొన్ని అలాగే లేచొస్తాయి. లేచాక కూడా టక్ టక్ అంటుంటే సాధారణంగా రెండు కారణాలు: రేకు సాగి ఉంటుంది, లేదా సొట్ట చుట్టూ ఉబ్బిన అంచు దాన్ని బిగపట్టి ఉంచుతుంది.

ముందు అంచు సంగతి చూడండి. లోపలి వైపు లోతైన చోట డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) ఆనించి, బయట ఉబ్బిన అంచు మీద సుత్తితో మెల్లగా తట్టుకుంటూ రావాలి. డాలీ మీదే నేరుగా కొడితే రేకు పలచబడి ఇంకా సాగుతుంది. బానెట్ అయితే లోపలి ఫ్రేముకీ పై రేకుకీ మధ్య ఉండే గమ్ ఊడిందేమో కూడా చూడాలి. ఊడితే ఆ చోట రేకు ఆడుతుంది. ఇవన్నీ చూసినా శబ్దం పోకపోతే రేకును వేడి చేసి కుదించాలి. అది టింకరింగ్ షెడ్డు పని, ఇంట్లో గ్యాస్ టార్చితో ప్రయత్నించొద్దు. ఆడే రేకు మీద ఎంత మంచి పుట్టీ పెట్టినా పగులుతుంది.

పుట్టీ గట్టిపడటం లేదు, లేదా కలుపుతుండగానే గడ్డ కడుతోంది

రెండూ హార్డనర్, అంటే పుట్టీ గట్టిపడటానికి కలిపే ట్యూబు సరుకు, దగ్గర వచ్చే తేడాలే. పాలిస్టర్ పుట్టీకి తూకంలో సుమారు 2 శాతం, అంటే 100 గ్రాములకు 2 గ్రాములు చాలు. డబ్బా మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించాలి. ట్యూబును ముందు చేత్తో బాగా పిసకాలి, లేదంటే మొదట నూనెలాంటి ద్రవమే వస్తుంది. కలపడానికి అట్టముక్క వద్దు, అది రెసిన్‌ను పీల్చేస్తుంది. పాత టైల్ ముక్క బాగుంటుంది. రంగు చారలు లేకుండా ఒకే రంగులోకి రావాలి.

25 డిగ్రీల దగ్గర చేతిలో ఐదు నిమిషాల దాకా ఉండే పుట్టీ, ఓరుగల్లు మే నెల ఎండలో అంతసేపు ఆగదు. అందుకని హార్డనర్ తగ్గించేస్తారు చాలామంది. అలా చేస్తే పైన గట్టిపడినా లోపల మెత్తగానే ఉండిపోతుంది. హార్డనర్ అంతే ఉంచి, కొంచెం కొంచెంగా కలుపుకోండి. పొద్దున్నే, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు పెట్టండి. ఎక్కువ వేసినా చిక్కే: ఆ హార్డనర్ రంగు తర్వాత పెయింటులోంచి మరకగా బయటపడుతుంది.

గట్టిపడ్డ పుట్టీ పైన కాస్త జిగట ఉండటం మామూలే, 80 నంబరు గరుకు కాగితం (శాండ్ పేపర్) మొదటి రుద్దుకే పోతుంది. గోరు దిగేంత మెత్తగా ఉంటే మాత్రం మొత్తం గీకి తీసేయాల్సిందే. పైన హార్డనర్ పూస్తే బాగుపడదు.

ప్రైమర్ కొట్టాక సూది రంధ్రాలు, రెండు వారాలకు గుంటలు

రంధ్రాలకు కారణం పుట్టీలో చిక్కిన గాలి. గిలకొట్టకుండా టైల్ మీద నొక్కి నొక్కి కలపాలి, రేకు మీద కూడా గట్టిగా అదిమి లాగాలి. ప్రైమర్ ఆ రంధ్రాలను నింపదు. పైన పలుచటి మూత వేస్తుంది, ఆరాక అది లోపలికి దిగుతుంది. రుద్ది, ఫినిషింగ్ పాలిస్టర్ పుట్టీని పలుచగా అదమాలి.

గుంటలు పడ్డాయంటే నా అనుమానం ముందు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ మీదకే పోతుంది. కలిపే పని లేదని, చవక అని దాంతోనే సొట్ట నింపేస్తుంటారు. అది గాలికి థిన్నర్ ఎగిరిపోతే ఆరే సరుకు. మందంగా పెడితే రోజుల తరబడి కుదించుకుంటూనే ఉంటుంది. గీతలకూ చిన్న రంధ్రాలకూ తప్ప ఇంకెందుకూ వాడొద్దు. పాలిస్టర్ పుట్టీని కూడా 2, 3 మిల్లీమీటర్లకు మించనీయకపోతే మంచిది. అంతకన్నా కావాల్సి వస్తోందంటే రేకు ఇంకా సరిగ్గా లేవలేదని అర్థం.

పుట్టీ చుట్టూ గీత

పుట్టీ అంచు పాత పెయింటు మీదికి మొద్దుగా ఎక్కి ఉంటుంది, లేదా ప్రైమర్‌లోని థిన్నర్ ఆ పెయింటు అంచును ఉబ్బించి ఉంటుంది. 80 నంబరు పేపర్‌ను పుట్టీ దాటనివ్వకండి. 180తో, ఆ తర్వాత 320తో అంచును విశాలంగా, వాలుగా దించండి. కళ్లు మూసుకుని పలుచటి గుడ్డ మీదుగా అరచేయి జరిపితే కంటికి దొరకనిది దొరుకుతుంది. ప్రైమర్ మీద నల్ల స్ప్రే లేతగా చల్లి 400 వాటర్ పేపర్‌తో (నీటితో తడిపి రుద్దే కాగితం) రుద్దితే నలుపు మిగిలిన చోటల్లా పల్లమే. ప్రైమర్‌ను ఒకేసారి తడిసేలా కాకుండా, పదిహేను నిమిషాలు ఆగుతూ పలుచటి కోట్లుగా కొట్టాలి.

ముడతలు, చేప కళ్లు

ముడతలు వచ్చాయంటే చాలాసార్లు కింద ఎవరో ఎప్పుడో చేసిన టచప్ ఉంటుంది. పని మొదలుపెట్టే ముందే గుడ్డను థిన్నర్‌లో తడిపి రుద్ది చూడండి. కంపెనీ పెయింటు చలించదు, టచప్ రంగు గుడ్డకు అంటుతుంది లేదా ముడుచుకుంటుంది. అలా అయితే ఆ టచప్ పొర మొత్తం తీసేయాలి.

చేప కళ్లు, అంటే ప్రైమర్ నిలవక చిన్న చిన్న వలయాలుగా విడిపోవడం, పాలిష్‌లోని సిలికాన్ వల్లో నూనె వల్లో వస్తుంది. మైనం తీసే ద్రావకంతో ఒక గుడ్డతో తుడిచి, ఆరకముందే రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఇది పేపర్ పట్టకముందే చేయాలి, లేకపోతే రుద్దిన గీతల్లోకి ఆ జిడ్డంతా దిగిపోతుంది.

ఇసుకలా గరుకు, లేదా పాలలా తెలుపు

గరుకు వేసవి జబ్బు: చుక్క రేకును చేరేలోపే ఆరిపోతుంది. స్ప్రే డబ్బాను 20, 25 సెంటీమీటర్ల దూరంలో ఉంచి పొద్దున్నే కొట్టండి. తెలుపు వానాకాలం జబ్బు: థిన్నర్ త్వరగా ఎగిరి పొర చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. ముసురు రోజుల్లో కొట్టకపోవడమే మేలు.

పనిలో పనిగా ఒక మాట. హార్డనర్ కలిపే 2కె ప్రైమర్ల పొగలో ఐసోసయనేట్లు ఉండొచ్చు, అవి ఊపిరితిత్తులకు చేటు. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఇంటి వాకిట్లో పనికి హార్డనర్ కలపనక్కర్లేని, స్ప్రే డబ్బాలో వచ్చే 1కె ప్రైమరే చాలు. అప్పుడు కూడా దగ్గర్లో పొయ్యి, సిగరెట్ లేకుండా చూసుకోవాలి.

కొన్ని నెలలకు బుడగలు

ఇది తేమ చేసే చేటు. పుట్టీ నీటిని పీలుస్తుంది, కాబట్టి దాన్ని పొడిగానే రుద్దాలి. వాటర్ పేపర్ ప్రైమర్ దగ్గర నుంచే, అదీ పుట్టీ ఎక్కడా బయటపడనంత వరకే. మామూలు ప్రైమర్ కూడా నీటిని పూర్తిగా ఆపదు. ప్రైమర్ కొట్టి, రంగు దసరాకు వేయిద్దాంలే అని జూన్ నుంచి బండిని వానలో తిప్పితే లోపల తుప్పు మొదలవుతుంది. మధ్యలో ఆపక తప్పదంటే ఎపాక్సీ ప్రైమర్ వేయించి ఆపండి.

బుడగ వచ్చిన చోట పైపైన గీకితే లాభం లేదు, మెరిసే రేకు కనిపించేదాకా తీసి మొదటి నుంచి చేయాలి. లోపలి వైపూ చూడాలి. రంధ్రాలు వేసి స్క్రూతో లాగిన సొట్ట అయితే వాటిలోంచి నీరు పుట్టీ వెనక్కి చేరుతుంది. ఆ రంధ్రాలను వెల్డింగ్ చేయించి, లోపల తుప్పు పట్టకుండా మైనం పూత వేయించాలి. డోర్ అయితే అడుగున నీరు పోయే చిల్లులు మట్టితో, ఆకులతో మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి.