మెరక చేలో నైట్రేటు పేరుకుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

తోట నల్లబారి ఏపుగా ఉంది, కాపు లేదు

వంగ, మిరప ఆకు వెడల్పై నిగనిగలాడుతుంది, తుంచితే మెత్తగా పుటుక్కుమంటుంది. పూత ఆలస్యం, వచ్చిందీ నిలవదు. పేనుబంక ముందు ఆ చేలోనే దిగుతుంది. చాలామంది పూత మందు కొడతారు. అది డబ్బు దండగ, తప్పు నేలలో పేరుకున్న నైట్రేటుది, అంటే నీటిలో కరిగి వేళ్లకు అందే నత్రజని రూపానిది.

వరి మడిలో నైట్రేటు నిలవదు. గాలి అందని బురదలో సూక్ష్మజీవులు దాన్ని వాయువుగా మార్చేస్తాయి. లంకల్లో, కాలువ నీరు ఎక్కని మెరక చేలల్లో గాలి ఆడుతుంది కాబట్టి యూరియా, పెంట ఎరువు చివరికి నైట్రేటుగానే మారతాయి. వేసవంతా ఖాళీగా ఎండిన చేలో తొలకరి తేమ తగలగానే అది ఒక్కసారిగా పుడుతుంది, తీసుకునే పంట ఉండదు. పాటిమన్ను తోలిన చేలో ఇంకా ఎక్కువ. ఒకప్పుడు సూరేకారం (పొటాషియం నైట్రేటు) తీసింది అలాంటి పాత ఊరి దిబ్బల మట్టిలోంచే.

భూసార కార్డులో నత్రజని 'తక్కువ' అని ఉందని ధైర్యపడకండి. ఆ అంకెలో నైట్రేటు విడిగా కనపడదు. నైట్రేటు నత్రజని కావాలని ల్యాబులో ప్రత్యేకంగా అడగండి. మట్టి 6 అంగుళాలకో పొర చొప్పున రెండడుగుల లోతు వరకు, ఎకరంలో 8-10 చోట్ల తీయాలి. తడి మట్టిని పాలిథీన్ సంచిలో కట్టి ఉంచితే లోపలే నైట్రేటు మారిపోయి లెక్క తప్పుతుంది. అదే రోజు నీడలో పల్చగా ఆరబోయండి.

ఒక పొరలో 1 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) నైట్రేటు నత్రజని అంటే ఎకరానికి దాదాపు 0.9 కిలోల నత్రజని. పై రెండు పొరల్లో 20 చొప్పున వస్తే 36 కిలోలు, అంటే 45 కిలోల యూరియా బస్తాలు ఒకటిముప్పావు. అంత మేర యూరియా తగ్గించండి. కింది అడుగులో ఉన్నది కూరగాయల వేళ్లకు సరిగా అందదు. దానికి తర్వాత జొన్నో సజ్జో యూరియా లేకుండా వేయండి, లోతు వేళ్లు లాగేస్తాయి. నీళ్లు పారించి కడిగేద్దామనుకోవద్దు. లంక ఇసుకలో అది నేరుగా బోరులోకి దిగుతుంది.

బోదె తల మీద తెల్లటి పొక్కు, నారు మాడుతోంది

సాళ్లలో పారిన నీరు పైకి ఎగబాకి ఉప్పులన్నీ తలమీద వదులుతుంది. నైట్రేటు అందులో ఒకటి, మామూలు చౌడూ కావచ్చు. నారు తలమీద కాక పక్క వాలులో నాటండి.

పచ్చిమేత తిన్న గేదె రొప్పుతోంది

ఎండకు బెట్టిన జొన్న, మొక్కజొన్న మొదళ్లలో నైట్రేటు నిలవ ఉంటుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి, రక్తం చాక్లెట్ రంగులో ఉంటే నైట్రేటు. రక్తం మరీ ఎర్రగా ఉంటే జొన్న నాము, అంటే లేత జొన్నలోని సైనైడ్ విషం. రెండింటికీ మందు వేరు, కాబట్టి రంగు చూసి పశువైద్యుడికి ఫోన్‌లోనే చెప్పండి. మేత వెంటనే ఆపండి, పశువును పరుగెత్తించవద్దు. మిగిలిన చేను వాన పడ్డాక కనీసం వారం ఆగి, మొదట్లో ఒక అడుగు ఎత్తు వదిలి కోయండి. ఎండబెట్టినా నైట్రేటు పోదు, పాతర వేస్తే కొంత తగ్గుతుంది.

బోరు నీళ్లు

లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు దాటితే తాగడానికి పనికిరాదు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు ఆ నీళ్లతో పాలు కలిపితే ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. కాచితే నైట్రేటు పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పటిక, క్లోరిన్ పనిచేయవు. ఆర్ఓ యంత్రం తగ్గిస్తుంది. అది పెట్టేవరకు బిడ్డకు వేరే నీళ్లు వాడండి.