కాన్పు తర్వాత తుమ్మితే మూత్రం పడిపోతోందా? ఇలా చేయండి

తుమ్మినా, దగ్గినా, బిడ్డను ఎత్తుకున్నా మూత్రం చుక్కలుగా పడిపోతోందని చాలామంది బాలింతలు కన్నతల్లికి కూడా చెప్పుకోరు. కాన్పయిన ముగ్గురిలో దాదాపు ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుంది. మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి ఉయ్యాలలా మోసే కండరాలు కడుపులోని బరువుకు, కాన్పు ఒత్తిడికి సాగి వదులవుతాయి. సిజేరియన్ అయినవాళ్లకూ రావచ్చు, నెలలు మోసిన బరువు వాళ్లదీ అంతే కదా. "పిల్లలు పుట్టాక ఇంతేలే" అని సర్దుకుపోకండి. ఆ కండరాలకు మళ్లీ బలం తెచ్చుకోవచ్చు.

ముందు ఆ కండరం ఎక్కడుందో పట్టుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకుంటాం చూడండి, అలా వెనక వైపు బిగించి, మూత్రం ఆపుకుంటున్నట్టు ముందు వైపు కూడా లోపలికి, పైకి లాగండి. తొడలు, పిరుదులు బిగుసుకోకూడదు. ఊపిరి మామూలుగా ఆడుతుండాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పైకి లాగడం మానేసి కిందికి ముక్కుతారు, దానివల్ల చెరుపే. అనుమానముంటే చిన్న అద్దంలో చూసుకోండి. ఆ భాగం లోపలికి వెళ్లాలి గానీ బయటికి ఉబ్బకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం వ్యాయామంగా చేయొద్దు, సంచి పూర్తిగా ఖాళీ కాదు.

పట్టు దొరికాక, మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా బిగించి, అంతసేపూ వదిలేయండి. ఇలా 8 నుంచి 10 సార్లు. తర్వాత గబగబా బిగించి వదలడం మరో 10 సార్లు. రోజుకు 3 పూటలు. వారాలు గడిచేకొద్దీ బిగింపును 10 సెకన్లదాకా పెంచండి. బిడ్డకు పాలిచ్చేటప్పుడు చేస్తే మరిచిపోరు. కాన్పయ్యాక నొప్పి కాస్త తగ్గి, మూత్రం గొట్టం తీసేశాక మొదలుపెట్టవచ్చు. అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కీగెల్ 1948లో వీటి గురించి రాశారు, అందుకే కీగెల్ వ్యాయామాలంటారు. కనీసం 3 నెలలు విడవకుండా చేయాలి. పది రోజులకే ఫలితం లేదని మానేస్తే ఎలా?

ఈలోపు తుమ్ము వస్తోందనిపించగానే ముందే బిగించి, తుమ్మాక వదలండి. బిందె ఎత్తే ముందూ అంతే. అసలు కాన్పయిన కొత్తలో బిందెలు, గ్యాస్ బండలు ఎత్తకపోవడమే మంచిది.

నీళ్లు మాత్రం తగ్గించకండి. బాలింతకు నీళ్లెక్కువైతే పొట్ట పెరుగుతుందనే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా చిరాకు పెడుతుంది, మలబద్ధకం వచ్చి ముక్కాల్సి వస్తుంది. పాలిచ్చే తల్లి దాహం తీరేదాకా తాగాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే నర్సమ్మతో చెప్పించండి. టీ, కాఫీలు తగ్గించండి. నడికట్టు మరీ బిగించి కడితే ఒత్తిడి కిందికే పోతుంది.

మూత్రంలో మంట, రక్తం ఉన్నా, జ్వరం వచ్చినా, మూత్రం అసలు రాకపోయినా, ఆగకుండా కారుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కింద ఏదో జారినట్టున్నా, మలం ఆగకపోయినా, 3 నెలలకూ మార్పు లేకపోయినా గైనకాలజిస్టును కలవండి. ఈ కండరాల మీద పనిచేసే ఫిజియోథెరపిస్టులూ ఉంటారు. డాక్టరు అడగలేదని ఊరుకోవద్దు. "దగ్గితే మూత్రం పడుతోంది" అని మీరే చెప్పండి, మిగతావి వాళ్లే అడుగుతారు.