మన వీధి – మన చట్టం, 4వ పాఠం: దిక్కులేని బండిని కదిలించడం

పోయిన పాఠంలో ఫుట్‌పాత్ ఆక్రమణ మీద అర్జీ రాశాం. ఈసారి గోడవారన నెలల తరబడి తుప్పు పడుతున్న బండి సంగతి చూద్దాం.

ముందు మోటారు వాహనాల చట్టం (1988) 127వ సెక్షన్ చదవండి, చిన్నదే. బహిరంగ స్థలంలో బండిని 10 గంటలు, ఆపైన వదిలేసినా, నిలపకూడని చోట నిలిపినా ఆ ప్రాంతపు పోలీసు అధికారి యూనిఫాంలో ఉండి దాన్ని క్రేన్‌తో తీయించవచ్చు, చక్రానికి తాళం వేయించవచ్చు. ఇది మొదటి ఉపసెక్షన్. కాలిపోయిన, విరిగిన, సగం విప్పేసిన బండి రాకపోకలకు ప్రమాదంగా ఉంటే గంటల లెక్క లేదు, వెంటనే తీయించవచ్చు. ఇది రెండోది. ఖర్చు యజమానిదే, జరిమానా వేరే.

అర్జీలో "10 గంటలు దాటింది" అని మాత్రమే రాస్తే ఎవరూ కదలరు. ఆ లెక్కన రాత్రి ఇంటి ముందు పెట్టుకునే సగం బళ్లు అందులోకే వస్తాయి. అందుకే కంటికి కనబడేవి రాయాలి. ఇలా:

"మా వీధి మలుపులో, రేషన్ షాపు ఎదురుగా, ఫలానా నంబరు తెల్ల కారు మార్చి నుంచి కదల్లేదు. నాలుగు టైర్లలోనూ గాలి లేదు, వెనక అద్దం పగిలింది. స్కూలు బస్సు మలుపు తిరగలేకపోతోంది. 127(2) కింద తీయించగలరు. ఫొటోలు జతచేశాను."

నంబరు ప్లేటు లేకపోతే ఆ మాటే రాయండి. ఛాసిస్ నంబరు వెతకడం పోలీసుల పని. బండిని మీరు ముట్టుకోవద్దు, పక్కకు నెట్టించవద్దు, తుక్కు కొట్టువాడికి అసలే ఇవ్వొద్దు. అది దొంగ బండి కావచ్చు, ఏదో కేసులో సాక్ష్యమూ కావచ్చు. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి.

అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పడి ఉన్న బండికి ఈ సెక్షన్ పనికిరాదు. జనానికి వెళ్లే హక్కున్న చోటే చట్టం దృష్టిలో బహిరంగ స్థలం.

తీసుకెళ్లాక ఏమవుతుంది? హైదరాబాద్ చుట్టుపక్కల కమిషనరేట్లు ఇలాంటి బళ్ల జాబితా ప్రకటించి, యజమానులకూ ఫైనాన్స్ కంపెనీలకూ 6 నెలల గడువిచ్చి, ఎవరూ రాకపోతే వేలం వేస్తాయి. స్టేషన్ ఆవరణల్లో గడ్డి మొలిచిన స్కూటర్లు చూస్తుంటాం కదా, అవన్నీ ఇలా వచ్చినవి కావు గానీ, కొన్ని ఇవే.

అభ్యాసం: మీ వీధిలో ఒక బండిని ఎంచుకుని, ఏ ఉపసెక్షన్ వర్తిస్తుందో తేల్చి, అయిదు వాక్యాల్లో అర్జీ రాయండి. వచ్చే పాఠంలో, ఆ పాడుబడ్డ బండి మీదే అయితే 55వ సెక్షన్ కింద 14 రోజుల్లో ఆర్టీఏకు ఏం తెలపాలో చూద్దాం.